పుట్టుకతో రుబెల్లా: బిడ్డతో పాటు ఇంటికీ అండ

1941 తొలి నెలల్లో సిడ్నీ నగరంలోని నార్మన్ మెకాలిస్టర్ గ్రెగ్ అనే కంటి వైద్యుడి దగ్గరకు చంటిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు రాసాగారు. కంటిపాప వెనక తెల్లగా శుక్లం. చాలామందికి రెండు కళ్లలోనూ ఉంది. ముసలితనంలో రావలసిన శుక్లం పాలు తాగే పిల్లలకు, అదీ ఇంతమందికి ఒక్కసారిగా ఎందుకు వస్తోందో ఆయనకు అంతుపట్టలేదు. బయట కూర్చున్న తల్లులు తమలో తాము చెప్పుకుంటున్న మాటలు ఆయన చెవిన పడ్డాయని వైద్యచరిత్రలో చెప్పుకుంటారు. కడుపుతో ఉన్న తొలి రోజుల్లో తమకు జర్మన్ మీజిల్స్, అంటే రుబెల్లా, వచ్చి తగ్గిందని ఆ తల్లులు అనుకుంటున్నారు. అంతకు ముందటి ఏడాది, 1940లో, ఆస్ట్రేలియాలో ఆ జబ్బు విపరీతంగా వ్యాపించింది. సైనిక శిబిరాల్లో యువకులు గుంపులుగా ఉండడంతో అది ఊళ్లకూ, ఇళ్లకూ పాకింది.

గ్రెగ్ ఆ మాటను కొట్టిపారెయ్యలేదు. తోటి వైద్యులకు ఉత్తరాలు రాసి వివరాలు తెప్పించుకున్నాడు. మొత్తం 78 మంది పిల్లలు లెక్కకు వచ్చారు. వారిలో 68 మంది తల్లులకు గర్భం వచ్చిన తొలి నెలల్లో రుబెల్లా సోకింది. 1941 అక్టోబరులో మెల్‌బోర్న్‌లో జరిగిన కంటి వైద్యుల సభలో ఆయన ఈ విషయం ప్రకటించాడు. పత్రికల్లో వార్త వచ్చాక మళ్లీ తల్లులే ముందుకొచ్చి తమ పిల్లలకు చెవులు వినిపించడం లేదని ఆయనకు తెలియజేశారు. అంటే ఈ జబ్బు కంటినే కాదు, చెవినీ దెబ్బతీస్తుందన్న సంగతి కూడా మొదట ఇళ్ల నుంచే వచ్చింది. నిపుణులు మాత్రం అంత తొందరగా నమ్మలేదు. ఇది రుజువు కాలేదని 1944లో లాన్సెట్ పత్రిక రాసింది. 1951లో ఆలివర్ లాంకాస్టర్ అనే గణాంకవేత్త పాత జనాభా లెక్కల్లోని బధిరుల వయసులు పరిశీలించాడు. 1899 ప్రాంతంలో పుట్టినవారు వారిలో అసాధారణంగా ఎక్కువమంది ఉన్నారు. ఆ అంకెలు రుబెల్లా ప్రబలిన కాలాలతో సరిపోయాయి. తల్లులు చెప్పింది నిజమే.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఈ చరిత్రలోనే ఉంది. పుట్టుకతో వచ్చే రుబెల్లా సిండ్రోమ్‌ను కనిపెట్టడంలోనూ, ఆ పిల్లలను పెంచే పద్ధతులు రూపొందించడంలోనూ, వారికి చట్టంలో చోటు సంపాదించడంలోనూ దారి చూపింది కుటుంబాలే. కాబట్టి ఆ కుటుంబానికి అండగా నిలవడం వైద్యం అయిపోయాక చేసే దానధర్మం కాదు. అదే వైద్యంలో మొదటి మెట్టు.

తొలి పన్నెండు వారాలు

రుబెల్లా పిల్లలకు వస్తే పెద్దగా బాధించదు. స్వల్ప జ్వరం, చెవుల వెనక, మెడ వెనక బిళ్లలు కట్టడం, మూడు రోజులుండి పోయే ఎర్రటి దద్దు, అంతే. పాతిక నుంచి యాభై శాతం మందిలో ఏ లక్షణమూ కనిపించదు కూడా. మనకు తెలిసిన తట్టు వేరు, ఇది వేరు. రెండింటికీ వేర్వేరు వైరస్‌లు కారణం.

అదే వైరస్ గర్భిణి రక్తంలోకి చేరితే మావిని దాటి పిండంలోకి వెళుతుంది. అక్కడ కణాలు విభజన చెందే వేగాన్ని తగ్గిస్తుంది, సన్నటి రక్తనాళాలను పాడుచేస్తుంది. తొలి పన్నెండు వారాల్లోనే కళ్లు, చెవులు, గుండె, మెదడు రూపు కడతాయి. పడుగులో ఒక పోగు తప్పితే ఆ లోపం చీర పొడవునా కనిపిస్తుంది, ఇదీ అలాంటిదే. ఆ వారాల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు హాని జరిగే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. ఇరవై వారాలు దాటాక సోకితే ప్రమాదం చాలా అరుదు.

పుట్టిన బిడ్డలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది వినికిడి లోపం. కొందరిలో అదొక్కటే ఉంటుంది. మిగిలినవారిలో శుక్లం, నీటికాసులు, చిన్న కన్ను, కంటి లోపలి పొరపై మచ్చలు, గుండె లోపాలు కలిసి వస్తాయి. గుండె దగ్గరి రెండు పెద్ద రక్తనాళాల మధ్య గర్భంలో ఉన్నప్పుడు ఒక దారి తెరుచుకుని ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. ఈ పిల్లల్లో చాలామందికి మూసుకోదు. తల చిన్నదిగా ఉండడం, బరువు తక్కువగా పుట్టడం, ఎదుగుదల ఆలస్యం కావడం కూడా ఉంటాయి. అమెరికా వైద్యురాలు స్టెల్లా చెస్ 243 మంది రుబెల్లా పిల్లలను పరిశీలించి, వారిలో ఆటిజం మామూలు కంటే చాలా ఎక్కువని గుర్తించింది.

మొదటి సాయం: నింద తీసెయ్యడం

ఇలాంటి బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న "ఎవరి వల్ల?" అని. గ్రహణం రోజు బయట తిరిగిందనీ, తినకూడనిది తిన్నదనీ, పూర్వజన్మ పాపమనీ తల్లినే వేలెత్తి చూపుతారు. మన ప్రాంతంలో మరో మాట కూడా తొందరగా వస్తుంది: మేనరికం. దగ్గరి సంబంధాల వల్ల పుట్టుచెముడు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కానీ ప్రతి పుట్టుచెముడుకూ అదే కారణం కాదు. రుబెల్లా వల్ల వచ్చిందా లేదా అన్నది మొదటి నెలల్లోనే బిడ్డ రక్తంలో ఐజీఎం యాంటీబాడీల పరీక్షతో తేల్చవచ్చు. ఏడాది దాటితే కారణం తేల్చడం కష్టమవుతుంది.

అందుకే వైద్యుడు కారణం చెప్పడంతో ఊరుకోకూడదు, దాని అర్థం కూడా విడమరచి చెప్పాలి. తల్లితో పాటు తండ్రినీ, అత్తమామలనూ కూర్చోబెట్టి చెప్పాలి. గాలిలో వచ్చే వైరస్ సోకడం తల్లి తప్పు కాదు. చాలాసార్లు అది సోకినట్టు తల్లికే తెలియదు. అది శాపం కాదు, వంశంలో దిగే లోపం కాదు. ఒకసారి రుబెల్లా వచ్చిన తల్లికి రోగనిరోధక శక్తి నిలిచిపోతుంది కనుక తర్వాతి కాన్పులో ఇదే జబ్బు వల్ల బిడ్డకు హాని కలగడం అత్యంత అరుదు. ఈ ఒక్క వాక్యం సమయానికి చెబితే ఎన్నో కాపురాలు నిలబడతాయి. మరో బిడ్డను కనాలంటే భయపడే దంపతులకు ధైర్యం వస్తుంది.

దీనికి తోడు ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రుబెల్లాతో పుట్టిన బిడ్డ గొంతు స్రావాల్లో, మూత్రంలో వైరస్ ఏడాది వరకూ బయటకు రావచ్చు. మూడు నెలల వయసు దాటాక నెల తేడాతో చేసిన రెండు పరీక్షల్లో వైరస్ కనిపించకపోతే ఆ భయం ముందే తీరుతుంది. అంతవరకూ బిడ్డను ఎత్తుకున్నాక, గుడ్డలు మార్చాక చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. టీకా వేయించుకోని గర్భిణులు దూరంగా ఉండాలి. అంతే తప్ప బిడ్డనూ తల్లినీ ఒక గదిలో వెలివేసినట్టు ఉంచనక్కరలేదు. బారసాలకు పిలవకుండా ఉండడానికీ, చేతులు కడుక్కోమనడానికీ ఎంతో తేడా ఉంది.

ఆగని గడియారం

రుబెల్లా చేసిన హానిని వెనక్కి తీసుకునే మందు లేదు. కానీ హాని మీద హాని చేరకుండా ఆపే వైద్యం ఉంది, దానికి గడువు ఉంది. పుట్టుకతో శుక్లం ఉంటే తొలి ఆరు నుంచి పది వారాల్లో ఆపరేషన్ చేస్తే మంచిది. ఆ వయసులో వెలుతురూ, ఆకారాలూ కంటికి అందకపోతే మెదడు చూడడం నేర్చుకోదు. తర్వాత కన్ను బాగుచేసినా చూపు అంతంతమాత్రమే. ఆపరేషన్‌తో పని అయిపోదు. కళ్లద్దాలు గానీ కాంటాక్ట్ లెన్స్ గానీ పెట్టాలి. రుబెల్లా కళ్లలో ఆపరేషన్ తర్వాత వాపు ఎక్కువగా వస్తుంది. నీటికాసులు ఎప్పుడైనా రావచ్చు కనుక జీవితాంతం పరీక్షలు చేయిస్తుండాలి.

చెవికి కూడా గడువుంది. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి మిషన్ అన్నది ప్రపంచమంతా పాటించే సూత్రం. ఓఏఈ, బెరా అనే పరీక్షలకు బిడ్డ జవాబు చెప్పనక్కరలేదు, నిద్రపోతుండగానే చేస్తారు. రుబెల్లా విషయంలో ఒక మెలిక ఉంది. మొదటి పరీక్షలో బాగా వినిపించిన బిడ్డకు తర్వాతి నెలల్లో, ఏళ్లలో వినికిడి తగ్గవచ్చు. "ఒకసారి చూపించాం, బాగానే ఉందన్నారు" అని ఊరుకుంటే నష్టం.

ఇంకోవైపు గుండె. మత్తు ఇచ్చి కంటి ఆపరేషన్ చేయాలంటే గుండె వైద్యుడి అనుమతి కావాలి. గుండెలో దారి మూయడానికి ఒక ఆస్పత్రి, కంటికి ఇంకొకటి, చెవికి మరొకటి. ఒడిలో బిడ్డతో బస్సులు మారుతూ, ప్రతిచోటా కథ మొదటి నుంచి చెబుతూ తిరిగేది తల్లే. ఒక్క మనిషి, అది నర్సు కావచ్చు, సామాజిక కార్యకర్త కావచ్చు, ఈ తేదీలన్నీ ఒక ఫైలులో పెట్టి, ఏది ముందో ఏది తర్వాతో చెప్పి, రెండు పనులు ఒకే రోజు అయ్యేలా చూస్తే ఆ కుటుంబానికి ఎంతో కూలి డబ్బు, ఓపిక మిగులుతాయి. అతి తక్కువ ఖర్చుతో చేయగల సాయం ఇదే.

చేతిలో మాట

చూపూ వినికిడీ రెండూ బాగా తగ్గిన పిల్లల సంగతి వేరు. వారికి గుడ్డి పిల్లల బడి సరిపోదు, చెవిటి పిల్లల బడీ సరిపోదు. చూపు లేని బిడ్డ అమ్మ గొంతు విని ఊరడిల్లుతుంది. వినపడని బిడ్డ అమ్మ ముఖం చూసి నవ్వుతుంది. రెండూ లేని బిడ్డకు లోకం చెయ్యి చాచినంత మేరే. ఎవరో ఉన్నట్టుండి ఎత్తేస్తారు, ఏదో నోట్లో పెట్టేస్తారు, నీళ్లు పోస్తారు. ముందస్తు సూచన లేకుండా జరిగే ఇలాంటి వాటికి బిడ్డ బెదిరి ఏడుస్తుంది, లేదా తనలోకి తాను ముడుచుకుపోతుంది.

నెదర్లాండ్స్‌లోని సింట్ మిఖియెల్స్‌గెస్టెల్ అనే ఊళ్లో యాన్ వాన్ డైక్ అనే విద్యావేత్త ఇలాంటి రుబెల్లా పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేశాడు. పిల్ల ఊగుతుంటే తానూ ఆమెతో ఊగేవాడు. ఊగడం ఆపి, పిల్ల మళ్లీ కావాలని ఒళ్లు కదిపే దాకా ఆగేవాడు. ఆ కదలికే ఆ పిల్ల చెప్పిన మొదటి మాట. అక్కడి నుంచి వస్తువుల ద్వారా, ఆ తర్వాత చేతి సైగల ద్వారా భాషను కట్టుకుంటూ పోయే పద్ధతిని ఆయన అభివృద్ధి చేశాడు. నేడు ప్రపంచమంతా దాన్ని వాడుతున్నారు.

దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. స్నానానికి ముందు ప్రతిసారీ అదే చెంబు బిడ్డ చేతిలో పెట్టాలి. అన్నానికి ముందు అదే గిన్నె, బయటకు వెళ్లే ముందు చెప్పు. కొన్ని వారాలకు, కొన్నిసార్లు కొన్ని నెలలకు, చెంబు తగలగానే బిడ్డ స్నానానికి సిద్ధపడుతుంది. కొంతకాలానికి తనే చెప్పు తెచ్చి నాన్న చేతిలో పెడుతుంది. "బయటకు తీసుకెళ్లు" అని ఆ బిడ్డ అడిగినట్టే. రోజంతటి పనులకు సంబంధించిన వస్తువులను వరుసగా ఒక పెట్టెలో అమర్చితే అదే బిడ్డకు కేలెండరు. ఎత్తుకునే ముందు భుజం తాకాలి. దగ్గరకు వచ్చినది ఎవరో తెలియడానికి అమ్మ గాజులు, తాతయ్య చేతి గడియారం తడమనివ్వాలి. ఏదైనా చూపించాలంటే బిడ్డ చెయ్యి పట్టి లాగకూడదు. మన చెయ్యి కింద ఉంచి, బిడ్డ చెయ్యి దాని మీద ఆనించి, తనకు ఇష్టమైనప్పుడు తీసుకునే వీలు ఇవ్వాలి. ఆ బిడ్డకు చేతులే కళ్లు. కళ్లను ఎవరైనా బలవంతంగా అటూ ఇటూ తిప్పితే మనం ఒప్పుకుంటామా?

దీపానికి ఎదురుగా వేళ్లు ఆడించడం, కంట్లో వేలితో నొక్కుకోవడం ఈ పిల్లల్లో తరచుగా కనిపిస్తాయి. రాత్రి నిద్ర సరిగా ఉండదు. వేళ్లు ఆడించడం, కన్ను నొక్కుకోవడం పిచ్చి చేష్టలు కావు. మిగిలిన కాస్త చూపుతో వెలుతురును పట్టుకోవాలన్న ప్రయత్నం అది. కొట్టి మాన్పించే బదులు ఆ చేతులకు వేరే పని, ఆ కంటికి మంచి వెలుతురు ఇవ్వాలి. ఈ సంగతి తెలియక అవమానంతో బిడ్డను నలుగురిలోకి తీసుకురాని ఇళ్లు ఎన్నో.

ఇంట్లో అందరూ

ఈ పనులన్నీ చేసేది ఎవరు? నిపుణురాలు వారానికి ఒక గంట వస్తుంది. మిగిలిన గంటలన్నీ ఇంటివే. అలాగని ఆ భారమంతా తల్లి నెత్తిన పెడితే ఆమె కుంగిపోతుంది. వ్యాయామం చేయించమని ఒకరు, మాటలు నేర్పమని ఒకరు, కంటి కట్టు కట్టమని ఒకరు చెబుతారు. వంట ఎవరు చేస్తారని ఎవరూ అడగరు. మంచి సలహాదారు కొత్త పని చేర్చడు, ఉన్న పనుల్లోనే పాఠం ఎలా కలపాలో చూపిస్తాడు. చెంబు, గిన్నె, చెప్పు అలా వచ్చినవే. తండ్రి ఒక పూట స్నానం తన బాధ్యతగా తీసుకోవాలి. నాయనమ్మ, అమ్మమ్మ గుర్తు వస్తువులు నేర్చుకోవాలి. అక్కకో అన్నకో తమ చిన్నారికి ఏం జరిగిందో వయసుకు తగ్గ మాటల్లో చెప్పాలి. "రేపు నీవే చూసుకోవాలి" అని వాళ్ల చిన్న భుజాల మీద భవిష్యత్తు మోపకూడదు. నెలకు ఒకటి రెండు రోజులైనా తల్లి కంటినిండా నిద్రపోయే ఏర్పాటు ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ ధైర్యం ఇచ్చేది అదే దారిలో ముందు నడిచిన మరో కుటుంబం. 1955లో ఇంగ్లండులో మార్గరెట్ బ్రాక్, పెగ్గీ ఫ్రీమన్ అనే ఇద్దరు తల్లులు తమ లాంటి కొన్ని కుటుంబాలను కలిపి రుబెల్లా గ్రూప్ అని పెట్టుకున్నారు. ఇద్దరికీ రుబెల్లా పిల్లలున్నారు. అలాంటి పిల్లలను సంస్థల్లో వదిలెయ్యమని సలహా ఇచ్చే కాలమది. ఆ చిన్న గుంపే పెరిగి నేటి సెన్స్ సంస్థ అయింది. చూపు, వినికిడి రెండూ లేని పసిపిల్లలను పెంచడం గురించి ఫ్రీమన్ పుస్తకాలు కూడా రాసింది.

అమెరికాలో 1964-65లో రుబెల్లా వెల్లువ వచ్చింది. కోటీ పాతిక లక్షల మందికి సోకింది, దాదాపు 20,000 మంది పిల్లలు రుబెల్లా సిండ్రోమ్‌తో పుట్టారు. ఆ పిల్లల కోసం ఒత్తిడి పెరగడంతో 1960ల చివరలో బధిరాంధులకు జాతీయ కేంద్రం, ప్రాంతీయ విద్యాకేంద్రాలు చట్టం ద్వారా వచ్చాయి.

రుబెల్లాతో పుట్టిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏమయ్యారన్నది తెలుసుకోవలసిన విషయం. గ్రెగ్ చూసిన పిల్లల్లో 50 మందిని పాతికేళ్ల వయసులో మళ్లీ పరీక్షించి మార్గరెట్ మెన్సర్ బృందం 1967లో నివేదిక రాసింది. దాదాపు అందరికీ చెముడు ఉంది, చాలామందికి చూపు లోపం ఉంది. అయినా ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ బతుకుతున్నారు. తర్వాతి పరిశీలనల్లో వారిలో మధుమేహం, థైరాయిడ్ లోపాలు ఎక్కువని తేలింది. అందుకే రుబెల్లా పిల్లలకు యవ్వనంలోనూ రక్తపరీక్షలు మానకూడదు.

మన దగ్గర ఉన్నవి

తెలుగు కుటుంబాలకు అందుబాటులో ఉన్న దారులు తెలుసుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుశుక్లం, పుట్టుచెముడు, పుట్టు గుండె జబ్బులను గుర్తించి జిల్లా స్థాయిలో తొలిదశలోనే చికిత్స అందించే డీఈఐసీ కేంద్రానికి పంపాలి. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును అడగాలి. ఆపరేషన్ల ఖర్చుకు ఆరోగ్యశ్రీ తరహా ప్రభుత్వ పథకాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యానికి జాతీయ సంస్థ, వినికిడికి అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. ఒకటి కన్నా ఎక్కువ వైకల్యాలున్న వారి జాతీయ సంస్థ చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉంది. ముంబైలో బెరోజ్ వాచా 1977లో స్థాపించిన హెలెన్ కెల్లర్ సంస్థ మన దేశంలో బధిరాంధ పిల్లల చదువుకు దారి వేసింది. అహ్మదాబాద్ కేంద్రంగా సెన్స్ ఇంటర్నేషనల్ ఇండియా 1997 నుంచి పనిచేస్తోంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో బధిరాంధత్వం పేరు ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల వరకూ ఉచిత విద్య హక్కు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రంలో చెవి, కన్ను రెండూ రాయించుకోవాలి. ఒకటే రాస్తే బిడ్డకు రావలసినది తగ్గుతుంది. బడికి వెళ్లే వయసులో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రాన్ని అడగాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద బహుళ వైకల్యం ఉన్నవారికి లక్ష రూపాయల వరకూ నిరామయ ఆరోగ్య బీమా ఉంది. 18 నిండాక సంరక్షకులను నియమించేది కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ. "మా తర్వాత ఎవరు?" అని కుమిలిపోయే తల్లిదండ్రులు ఈ దారిని ముందే తెలుసుకోవాలి.

మన వంతు

ఈ జబ్బును పూర్తిగా ఆపవచ్చు. స్టాన్లీ ప్లాట్కిన్ తయారుచేసిన టీకానే నేడు ప్రపంచంలో చాలా దేశాలు వాడుతున్నాయి. 2015లో అమెరికా ఖండాల దేశాలన్నీ రుబెల్లా నుంచి విముక్తమయ్యాయని ప్రకటించారు. మన దేశంలో 2017 ఫిబ్రవరిలో మీజిల్స్ రుబెల్లా టీకా ఉద్యమం మొదలై, అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వచ్చింది. ఇప్పుడు పిల్లలకు 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి ఉచితంగా వేస్తున్నారు. టీకా పడని యువతులు గర్భం రాకముందే వేయించుకోవాలి. వేయించుకున్నాక ఒక నెల ఆగి గర్భం కోసం చూడాలి. గర్భంతో ఉన్నప్పుడు ఈ టీకా వేయరు.

టీకా రేపటి బిడ్డలను కాపాడుతుంది. ఇప్పటికే పుట్టిన బిడ్డలను కాపాడవలసింది మనం. మీ వీధిలో చూపూ వినికిడీ తగ్గిన పసిబిడ్డ ఉంటే ఆ తల్లిని "ఎందుకిలా పుట్టాడు?" అని అడగవద్దు. "వచ్చే మంగళవారం ఆస్పత్రికి నేను తోడు రానా?" అని అడగండి. వెళ్లినప్పుడు బిడ్డ భుజం తాకి, మీ చేతిని ఆ చిన్న చేతి కింద ఉంచండి.